పాఠకుల ప్రశ్నలు – జవాబులు: భారీ యంత్రాల దగ్గర ప్రమాదం, ఆ తర్వాతి హక్కులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పెద్ద యంత్రాల దగ్గర పనిచేస్తూ తీవ్రంగా దెబ్బతిన్నవారి గురించి వచ్చినవే. పరిహారం లెక్కలు, గడువులు, అర్జీ ఎవరికి పెట్టుకోవాలన్న వివరాలు దేశానికో తీరుగా ఉంటాయి కనుక, వాటిని మీరున్న చోట కార్మిక శాఖలోనో, కార్మిక సంఘంలోనో, న్యాయవాది దగ్గరో సరిచూసుకోవలసిందే. ఆ చట్టాలలో చాలావాటికి పునాదిగా ఉన్న సూత్రాల వరకు ఇక్కడ చర్చిద్దాం.

ప్రశ్న: మా తమ్ముడు రేకులు వంచే హైడ్రాలిక్ ప్రెస్ మీద పనిచేస్తాడు. లోపల ఇరుక్కున్న ముక్కను తీయబోయి కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. చేతులు లోపలికి పోకుండా ముందు ఉండవలసిన గార్డు (రక్షణ కవచం) ఆ రోజు లేదు. "యంత్రం ఆపకుండా చెయ్యి పెట్టింది అతనే కనుక తప్పు అతనిదే, మానవతా దృష్టితో ఆసుపత్రి ఖర్చు మాత్రం ఇస్తాం" అని యాజమాన్యం అంటోంది. తప్పు మావాడిదైతే ఇక మేం ఏమీ అడగకూడదా?

జవాబు: అడగవచ్చు, అడగాలి కూడా. "మానవతా దృష్టి" అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఇవ్వవలసిన బాకీని దానంగా మార్చే మాట అది. పనిలో గాయపడినవారికి ఇచ్చే పరిహారం యజమాని దయ మీద ఆధారపడినది కాదు, ఎవరిది తప్పు అన్న విచారణ మీద ఆధారపడినది కూడా కాదు. ఆ గాయం పని కారణంగా, పని చేస్తున్న సమయంలో జరిగిందా లేదా అన్నదే అక్కడ మొదటి ప్రశ్న.

ఈ సూత్రం ఊరికే రాలేదు. 1837లో ఇంగ్లండులో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే మనిషి, మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు వేసిన బండి విరిగి పడడంతో తొడ ఎముక విరగ్గొట్టుకుని యజమాని మీద దావా వేశాడు. ప్రమాదకరమనిపించే పనిని నౌకరు కాదనవచ్చు గనుక యజమాని బాధ్యుడు కాడన్న ధోరణిలో కోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు కార్మికుడి ఎదుట మూడు అడ్డుగోడలు నిలిచాయి: తప్పు నీదే, లేదా నీ తోటి పనివాడిది, లేదా ప్రమాదం ఉంటుందని తెలిసే నువ్వు పనిలో చేరావు. మీ తమ్ముడికి ఇప్పుడు చెబుతున్నది ఆ మొదటి గోడ గురించే. జర్మనీ 1884లో ప్రమాద బీమా చట్టంతోను, బ్రిటన్ 1897లో పరిహార చట్టంతోను, ఆ తర్వాత 1911 నుంచి విస్కాన్సిన్ మొదలుకొని అమెరికా రాష్ట్రాలు ఒక్కొక్కటిగాను ఈ గోడలను దాటే దారి వేశాయి. ఆ ఏర్పాటు సారాంశం ఒక ఇచ్చిపుచ్చుకోలు. కార్మికుడు యజమాని తప్పును నిరూపించనక్కరలేదు, దానికి బదులుగా యజమాని చెల్లించవలసిన మొత్తానికి చట్టం ఒక లెక్క, ఒక హద్దు పెడుతుంది.

మినహాయింపులు లేకపోలేదు. తాగి ఉండి ప్రమాదం తెచ్చుకోవడం, తెలిసి తెలిసి ఉద్దేశపూర్వకంగా నిబంధనను ధిక్కరించడం చాలా చట్టాలలో మినహాయింపులే. అయితే తొందరలోనో, అలవాటులోనో చేసిన పొరపాటు ధిక్కారం కిందికి రాదు. బ్రిటన్ 1906లో చట్టాన్ని తిరగరాసినప్పుడు, ప్రాణం పోయినా, తీవ్రమైన శాశ్వత వైకల్యం కలిగినా ఈ దుష్ప్రవర్తన వాదనను యజమాని వాడుకోకుండా కట్టడి చేసింది. పైగా మీ తమ్ముడు ఇరుక్కున్న ముక్కను తీసింది తన సొంత పనికి కాదు, యజమాని ఉత్పత్తి ఆగకుండా ఉండడానికి.

ఇక గార్డు సంగతి. పరిహారం అడగడానికి గార్డు లేదని నిరూపించనక్కరలేదు గానీ, దాని వల్ల మరో దారి తెరుచుకోవచ్చు. భద్రతా నిబంధనను యజమాని ఉల్లంఘించినప్పుడు కొన్ని దేశాలలో మామూలు పరిహారం మీద అదనపు మొత్తమో, విడిగా నష్టపరిహార దావాయో వీలవుతుంది, కొన్నిచోట్ల ఆ దావాకు అవకాశం ఉండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1963 నాటి యంత్ర రక్షణ ఒప్పందం ప్రకారం, ప్రమాదకరమైన భాగాలకు రక్షణ లేని యంత్రాన్ని వాడనివ్వకుండా చూసే బాధ్యత యజమానిదే. గార్డును మీ తమ్ముడే ఆ రోజు ఊడదీశాడని రేపు అనే అవకాశం కూడా ఉంది. కనుక వీలైతే ఎవరిచేతనైనా ఆ ప్రెస్ ఫొటోలు దగ్గర నుంచి తీయించండి. గార్డు బిగించే బోల్టు రంధ్రాలలో పాత గ్రీజు, దుమ్ము గట్టిపడి ఉంటే, అది ఆ రోజు తీసినది కాదని ఆ రంధ్రాలే చెబుతాయి. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగవలసిన ప్రెస్‌లో, పని వేగం కోసం ఒక బటన్‌కు టేపు చుట్టి ఉంచడం కూడా తరచుగా జరిగేదే. అలాంటిదేమైనా ఉంటే అదీ ఫొటోలో రావాలి. మరమ్మతు చేసి గార్డు బిగించేశాక ఈ ఆనవాళ్లేవీ మిగలవు.

ప్రశ్న: నేను ఎక్స్‌కవేటర్ ఆపరేటర్‌ని. బూమ్ (యంత్రపు పొడవాటి చేయి) దగ్గర హైడ్రాలిక్ హోస్ (పీడనంతో ఆయిల్ పారే గొట్టం) నుంచి ఆయిల్ ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూస్తుండగా చూపుడు వేలికి సూది గుచ్చినట్లయింది. సైటులో మందు రాసి కట్టు కట్టి పనికి పంపారు. రాత్రికి చెయ్యంతా ఉబ్బింది. ఆపరేషన్లు చేసినా చివరకు వేలు తీసేయవలసి వచ్చింది. ఆ రోజు ప్రమాదం జరిగినట్లు రికార్డులో ఏమీ లేదు కనుక ఇది పనిలో జరిగిందని ఒప్పుకోం అంటున్నారు.

జవాబు: మీకు జరిగింది వైద్యులకు బాగా తెలిసిన గాయమే. అధిక పీడనంలో ఉన్న ఆయిల్ సన్నని రంధ్రం గుండా చర్మాన్ని చీల్చుకుని లోపలికి చొచ్చుకుపోతుంది. పైకి చిన్న చుక్క తప్ప ఏమీ కనిపించదు, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు, లోపల మాత్రం ఆయిల్ కండరాల మధ్య పాకి కణజాలాన్ని చంపేస్తుంది. గంటల వ్యవధిలో శస్త్రచికిత్స జరగకపోతే వేలో చెయ్యో పోయే ప్రమాదం ఉంది. లీకును చేత్తో కాక అట్టముక్కతోనో చెక్కతోనో వెతకమని ఆపరేటర్లకు చెప్పేది ఇందుకే. దీన్ని చదువుతున్న ఇతర ఆపరేటర్లకు ఒక మాట: ఇలా గుచ్చుకుంటే కట్టు కట్టించుకుని ఊరుకోకండి. "హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయింది" అన్న మాటలతోనే వైద్యుడికి చెప్పి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

రికార్డు రాయవలసిన బాధ్యత యాజమాన్యానిది. వాళ్లు రాయనంత మాత్రాన జరిగింది జరగనిది కాదు. ఆసుపత్రిలో చేరినప్పుడు గాయం ఎలా తగిలిందో మీరు చెప్పింది కేస్ షీటులో రాసి ఉంటుంది, అన్నిటికన్నా ముందు దాని ప్రతి తీసుకోండి. తీసిన కణజాలంలో ఆయిల్ ఆనవాళ్ల గురించి శస్త్రవైద్యుడు నోట్ రాసి ఉంటే అది ఇంకా బలమైన సాక్ష్యం. ఆ రోజు మందు రాసిన వ్యక్తి, కారుతున్న హోస్‌ను తర్వాత మార్చిన మెకానిక్, ఆ మార్పు తాలూకు స్టోర్ చీటీ, ఇవన్నీ మీ మాటను నిలబెట్టేవే. హోస్ మార్చిన తేదీ మీ గాయం తేదీకి మరునాడే అయితే అంతకన్నా వివరణ అక్కరలేదు.

గాయం ముదిరి తర్వాత బయటపడే పరిణామాలు కూడా అదే ప్రమాదం కిందికి వస్తాయి. బరువు కింద కాలు గంటల తరబడి నలిగినవారికి, బయటికి తీశాక మూత్రపిండాలు పాడవడం ఇలాంటిదే. 1941లో లండన్ బాంబుదాడులలో శిథిలాల కింద చిక్కుకున్నవారిని పరీక్షించి వైద్యులు దీన్ని వివరంగా నమోదు చేశారు. అందుకే మనిషి ఎంతసేపు ఇరుక్కుని ఉన్నాడన్న సంగతి తీసినవాళ్లు తప్పకుండా వైద్యుడికి చెప్పాలి, కాగితం మీద రాయించాలి.

ప్రశ్న: మా మేనల్లుడు ఒక కట్టడం దగ్గర కాంట్రాక్టరు కింద కూలీ. ఆపరేటరుతో సహా అద్దెకు తెచ్చిన క్రేన్ స్టీలు కట్టను ఎత్తుతుండగా ఒక ఔట్‌రిగ్గర్ (క్రేన్ ఒరగకుండా పక్కకు చాచి నేల మీద ఆనించే కాలు) కింద నేల కుంగి, బూమ్ వాలి, కట్ట అతని నడుము మీద పడింది. కాళ్లు చచ్చుబడ్డాయి. కాంట్రాక్టరు క్రేన్ వాళ్లను అడగమంటాడు, క్రేన్ ఓనరు సైటు వాళ్లను అడగమంటాడు, సైటు వాళ్లు కాంట్రాక్టరు దగ్గరికి పొమ్మంటారు. మేం ఎవరిని పట్టుకోవాలి?

జవాబు: ఇలా తిప్పడం ఆగాలంటే రెండు వేర్వేరు హక్కులను కలిపేయకుండా చూడాలి.

మొదటిది, ముందు చెప్పిన తప్పొప్పులతో పని లేని పరిహారం. దీన్ని అతనికి కూలి ఇచ్చే కాంట్రాక్టరును అడగాలి. కాంట్రాక్టరు చెల్లించలేకపోతే, ఆ పని ఎవరి కోసం జరుగుతోందో ఆ ప్రధాన యజమాని మీద కూడా బాధ్యత పెట్టే చట్టాలు చాలా ఉన్నాయి. చెల్లించినవారు తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకుంటారు. నేల ఎందుకు కుంగింది, ఎవరు చూసుకోవాలి అన్న తగవు తేలేదాకా ఈ పరిహారాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు. కనుక అర్జీలో ఇద్దరినీ చేర్చి, గడువు దాటకముందే వేయండి.

రెండోది, నిర్లక్ష్యం చేసిన మూడో పక్షం మీద, అంటే అతని యజమాని కాని ఇతరుల మీద, నష్టపరిహార దావా. ఇక్కడ మాత్రం తప్పు ఎవరిదో తేల్చవలసిందే. క్రేన్‌తో పాటు వచ్చిన ఆపరేటరు ఎవరి మనిషి అన్న ప్రశ్నకు 1946లో బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) ఇచ్చిన తీర్పును న్యాయవాదులు ఇప్పటికీ ఎత్తి చూపుతారు. ఒక రేవు సంస్థ తన క్రేన్‌ను, దాన్ని నడిపే మనిషిని సరుకు దించే సంస్థకు అద్దెకిచ్చింది. ఆ సమయంలో ఆపరేటరు అద్దెకు తీసుకున్నవారి నౌకరే అవుతాడని ఒప్పందంలో రాసి ఉంది. ఒక మనిషి క్రేన్ వల్ల గాయపడ్డాడు. ఏ బరువు ఎత్తాలో అద్దెదారు చెప్పవచ్చు గానీ, లీవర్లను ఎలా కదిలించాలో చెప్పే అధికారం అతనికి లేదు కనుక రేవు సంస్థే బాధ్యురాలని తీర్పు వచ్చింది. తాను ఎవరి ఆజ్ఞలూ తీసుకోనని ఆ ఆపరేటరు సాక్ష్యంలో చెప్పిన మాట కూడా అందులో చేరింది. మీ కేసులో క్రేన్ ఓనరు అద్దె కాగితం చూపించి చేతులు దులుపుకోబోతే, ఆ కాగితం గాయపడినవారిని కట్టడి చేయదన్న వాదనకు ఇదొక ఆధారం.

అయితే మీ మేనల్లుడి విషయంలో లోపం లీవర్ల దగ్గర కాక నేల దగ్గర ఉండవచ్చు. ఔట్‌రిగ్గర్ పాదం కింద బరువును పరిచే పలకలు వేశారా, అక్కడ ఇటీవల పూడ్చిన గొయ్యి గానీ పైపు కందకం గానీ ఉన్నదా, ఉంటే ఆ సంగతి సైటు వాళ్లు క్రేన్ ఆపరేటరుకు చెప్పారా, వేలాడే బరువు కింద మనుషులు తిరగకుండా ఎవరు చూడవలసి ఉంది అన్నవి ఇక్కడ అసలు ప్రశ్నలు. చాలా మొబైల్ క్రేన్లలో ఎంత బరువు, ఎంత దూరానికి, బూమ్ ఏ కోణంలో ఎత్తారో చూపే లోడ్ ఇండికేటర్ ఉంటుంది, కొన్నిటిలో అది పాత లెక్కలను దాచి ఉంచుతుంది. ఆ లెక్కలను, సీసీ కెమెరా దృశ్యాలను చెరిపేయవద్దని సైటు వాళ్లకు, క్రేన్ ఓనరుకు రాతపూర్వకంగా నోటీసు ఇప్పించడం ఈ వారమే చేయవలసిన పని. కెమెరా రికార్డు మీద కొత్త రికార్డు వచ్చి పడడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఒకే నష్టానికి రెండు చోట్లా పూర్తిగా తీసుకోనివ్వరు. మూడో పక్షం నుంచి వచ్చిన దానిలో నుంచి పరిహారం చెల్లించినవారు తమ వాటా వెనక్కి అడగవచ్చు. అందుకే క్రేన్ ఓనరుతో ఏ రాజీకైనా వచ్చే ముందు ఈ లెక్క న్యాయవాదితో చూపించుకోండి. మరొకటి, కాళ్లు చచ్చుబడిన మనిషికి రోజంతా తోడు కావాలి. ఇతరుల సాయం లేకుండా గడవని స్థితిలో ఉన్నవారికి అదనపు పరిహారం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1925 నాటి ఒప్పందంలోనే ఉంది. ఇంట్లోవాళ్లే చూసుకుంటున్నారు గదా అని దాన్ని అడగకుండా వదిలేయకండి.

ప్రశ్న: వేరే దేశంలో పనిచేస్తున్న మా అన్నయ్య రోలర్ల మధ్య చెయ్యి నలిగి ఆసుపత్రిలో ఉండగా, తనకు చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయించుకుని కొంత డబ్బు ఇచ్చారు. ఇక ఏమీ అడగనని అందులో ఉందట. డబ్బు తిరిగి ఇచ్చేస్తే ఆ కాగితం చెల్లకుండా పోతుందా?

జవాబు: డబ్బు తిరిగి ఇవ్వకండి. చట్టం ఇచ్చిన పరిహారాన్ని ప్రైవేటు ఒప్పందంతో వదులుకోవడం చాలా చోట్ల చెల్లదు, లేదా అధికారి ఆమోదిస్తే తప్ప చెల్లదు. మత్తుమందుల ప్రభావంలో, జీతం ఆగిపోయి మంచం మీద ఉన్న మనిషికి, ఎదుటివాడికి ఉన్నంత బేరమాడే శక్తి ఉండదని చట్టం రాసినవారికి తెలుసు. పైన చెప్పిన 1925 ఒప్పందం కూడా శాశ్వత వైకల్యానికి విడతలవారీ చెల్లింపునే మామూలు పద్ధతిగా పెట్టి, ఆ డబ్బు సరిగ్గా వినియోగమవుతుందని అధికారులకు నమ్మకం కుదిరినప్పుడే ఒక్కసారిగా ఇవ్వవచ్చన్నది. ఆ కాగితం ప్రతి ఇవ్వమని, అందిన మొత్తాన్ని రావలసిన దానిలో కొంత భాగంగా మాత్రమే తీసుకున్నానని, అందులో ఏముందో తనకు ఎవరూ చదివి చెప్పలేదని మీ అన్నయ్య రాతపూర్వకంగా తెలియజేయాలి. "నా అజాగ్రత్త వల్ల జరిగింది" అన్న వాక్యం ముందే టైపు చేసి ఉంచడం కూడా మామూలే కనుక దాని గురించి ప్రత్యేకంగా అడగండి.

విదేశీయుడన్న కారణంతో తక్కువ ఇవ్వడం గురించి కూడా అదే 1925లో మరో ఒప్పందం వచ్చింది. దానిని ఆమోదించిన దేశాలు, ఆమోదించిన ఇతర దేశాల నుంచి వచ్చినవారికి గానీ వారి మీద ఆధారపడినవారికి గానీ, ఆ దేశంలో నివాసం ఉండాలన్న షరతు లేకుండా స్వదేశీయులతో సమానంగా ప్రమాద పరిహారం ఇవ్వాలి. కనుక స్వదేశానికి తిరిగి వచ్చేసినంత మాత్రాన అర్జీ మురిగిపోదు. అయితే అక్కడి వైద్య పత్రాలు, జీతం వివరాలు బయల్దేరే ముందే చేతికి రావాలి, తర్వాత తెప్పించుకోవడం చాలా కష్టం.

ప్రశ్న: మా ఆయన ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. అది ర్యాంపు మీద ఒరిగి కాలు నలిగింది. వైద్యులు 40 శాతం వైకల్యం అని రాశారు. ఆ శాతానికే పరిహారం లెక్క కట్టి, గేటు దగ్గర కూర్చునే పని ఇస్తాం, జీతం మాత్రం తగ్గుతుంది అంటున్నారు. ఇది న్యాయమేనా అండీ?

జవాబు: వైద్యుడి శాతం శరీరానికి సంబంధించినది. పరిహారం చూడవలసింది సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది, ఈ రెండూ ఒకటి కానక్కరలేదు. 1975లో భారత సుప్రీంకోర్టు ముందుకు ఒక వడ్రంగి కేసు వచ్చింది. అతని ఎడమచెయ్యి తీసేశారు, చట్టంలోని వైకల్య శాతాల పట్టిక ప్రకారం చూస్తే అది పాక్షిక వైకల్యమే. కానీ వడ్రంగి పని ఒంటిచేత్తో జరిగేది కాదు కనుక అతనిది సంపూర్ణ వైకల్యమేనని కోర్టు ఒప్పుకుంది. పరిహారం బాకీ అయ్యేది అధికారి లెక్క తేల్చిన నాటి నుంచి కాదు, గాయపడిన నాటి నుంచేనని కూడా అదే తీర్పులో ఉంది. మీవారు పెడల్ తొక్కి బండి నడిపే మనిషి. ఆ కాలితో మళ్లీ ఫోర్క్‌లిఫ్ట్ గానీ మరే వాహనం గానీ నడపగలరా లేదా అని వైద్యుడి చేత విడిగా రాయించండి.

గేటు దగ్గరి పని ఒప్పుకోవడంలో తప్పు లేదు, మనిషి పనిలో కొనసాగడం మంచిదే. అయితే ఆ ఉద్యోగాన్ని చూపించి పరిహారాన్ని మాఫీ చేయించుకోనివ్వకండి, పాత జీతానికీ కొత్త జీతానికీ మధ్య తేడా చూపే పేస్లిప్పులు దాచండి. కృత్రిమ అవయవం గానీ ఊతకర్ర, ప్రత్యేకమైన బూటు గానీ అవసరమైతే, అవి అరిగిపోయినప్పుడు మార్చే ఖర్చు కూడా వైద్య సహాయంలో భాగమేనన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964 నాటి ఉద్యోగ గాయాల ఒప్పందంలో ఉన్న మాట. మొదటి బిల్లుతో ఆ ఖాతా మూసేయడానికి ఒప్పుకోకండి.

ప్రశ్న: మా వర్క్‌షాపులో జరిగిన ప్రమాదాన్ని కళ్లారా చూశాను. సాక్ష్యం చెబితే నా ఉద్యోగం పోతుందేమో.

జవాబు: భయం సహజమే. పనిలో ప్రమాదాన్ని తెలియజేసిన కార్మికుడి మీద కక్షసాధింపు చర్యలు తీసుకోరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2002 నాటి ప్రోటోకాల్ (పాత ఒప్పందానికి అనుబంధం) చెబుతుంది, అనేక దేశాల చట్టాలలోనూ ఈ రక్షణ ఉంది. కాగితం మీది రక్షణ ఆచరణలో ఎప్పుడూ సరిపోదు కనుక, ఒంటరిగా వెళ్లకుండా సంఘం ద్వారా గానీ, చూసిన మరొకరితో కలిసి గానీ వెళ్లడం మేలు. ఇప్పటికిప్పుడు ఎవరి ఎదుటా చెప్పలేకపోయినా, చూసింది ఈ రోజే రాసి ఉంచండి. మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు, ఎంత దూరంలో, యంత్రం ఆగి ఉన్నదా తిరుగుతున్నదా, ఎవరూ ఆన్ చేయకుండా స్విచ్చుకు తాళం వేసి ఉన్నదా, ఎవరు ఏమని కేక వేశారు అన్నవి మాత్రమే రాయండి. ఎవరిది తప్పో మీ అభిప్రాయం అందులో కలపవద్దు. కింద తేదీ వేసి సంతకం చేసి, దాన్ని పని చోట కాక ఇంట్లో పెట్టుకోండి.